కొండ దాటని చానెల్

మా వదిన ఇన్సాఫ్‌తో ఇరవై ఏళ్ళు ఒకే కప్పు కింద బతికాను. అందులో సగం కాలం ఆవిడ మీద కోపంతోనే గడిచింది. వంటింట్లో జల్లెడ ఆవిడ పెట్టిన చోటు నుంచి జరిగిందంటే సాయంత్రం దాకా దాని గురించే సాధింపు. నా భర్త బహ్‌జత్‌కు ఆవిడ పెద్దక్క, నాకు అత్తగారి కంటే ఒక పాలు ఎక్కువ. కానీ ఊళ్ళో ఎవరైనా ఆవిడ గురించి ఒక్క పొల్లు మాటన్నారో, ముందు నాతో తేల్చుకోవాలి. మా ఊరు దేర్ రుమ్మాన్‌లో ఆ సంగతి అందరికీ తెలుసు.

టీవీ స్టేషన్ పిచ్చి నిజానికి మా ఆయనది. ఆయన రేడియోలు, టీవీలు బాగుచేసేవాడు. ఆ రోజుల్లో మా వైపు ప్రతి ఊళ్ళోనూ ఎవడో ఒకడు మేడ మీద ఇనప గొట్టం నిలబెట్టి, కింద గదిలో నాలుగు వైర్లు కలిపి, ఇదిగో మా ఊరి టీవీ అనేవాడు. నబ్లుస్ పట్నంలో ఒకటా రెండా, ఎన్నో ఉండేవి. అవి చూసి వచ్చిన దగ్గర్నుంచి మా ఆయనకు తిండి సహించలేదు. పాత సామాను పోగేసి, రొట్టెల పెట్టె అంత యంత్రం ఒకటి తయారు చేశాడు. అది బొమ్మను గాలిలోకి వదులుతుంది. ఎంత దూరం పోతుందని అడిగితే, కొండ దాకా అన్నాడు. కొండకు అవతల ఐన్ తీనా అనే ఊరుంది. అక్కడికి పోదు.

"ఇంత కష్టపడి కొండ దాకానా?" అన్నాను.

"మన ఊరు కొండకి ఇవతలే ఉందిగా రుదైనా. ఇంకా ఎక్కడికి పోవాలి?" అంది ఇన్సాఫ్ వదిన, నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి.

అప్పటికి ఆవిడ భర్త పోయి చాలా ఏళ్ళయింది. పిల్లల్లేరు. మేడ మీది గదిలో పెళ్ళి బట్టలు కుట్టుకుంటూ బతుకుతోంది. తమ్ముడికి యంత్రం ఉంది, కెమెరా లేదని తెలిసిన మర్నాడు పెళ్ళినాటి బంగారు గాజులు తీసుకుని నబ్లుస్ బస్సెక్కింది. పెళ్ళిళ్ళకు వీడియోలు తీసే ఒకాయన దగ్గర కెమెరా కొని, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని తిరిగొచ్చింది. కుట్టు మిషన్ ఒక మూలకు జరిపి, గోధుమరంగు వెల్వెట్ గుడ్డతో గోడకు తెర కుట్టింది. ఆ గదే స్టేషన్.

స్టేషన్‌కు అనుమతి కోసం ఇద్దరూ రమల్లా వెళ్ళారు. యజమాని ఎవరని అడిగితే మా ఆయన ఇద్దరి పేర్లూ చెప్పాడు. అక్కడి గుమాస్తా నవ్వి, "మీ అక్కగారి పేరెందుకండీ, ఇల్లంతా ఒకటేగా" అన్నాడట.

"ఇల్లు ఒకటే నాయనా. కెమెరా నాది" అందట మా వదిన.

అలా సగం ఆయనది, సగం ఆవిడది అయింది. మొదటిరోజు అరగంట సేపు పూలకూజా ఒక్కటే చూపించారు. ఆ పూలకూజాను ఊరంతా నోరు తెరుచుకుని చూసింది. తర్వాత తెల్లటి స్కార్ఫు కట్టుకుని మా వదిన తెర ముందు కూర్చుని, "నేను ఇన్సాఫ్‌ని. ఇవాళ నీళ్ళ ట్యాంకరు పై వీధికి వస్తుంది, కింది వీధికి రేపు" అంది. అంతే. పై వీధి ఆడవాళ్ళు బిందెలతో పరుగులు తీశారు. అప్పటి నుంచి ఊరు ఆ చానెల్ వదల్లేదు.

ఏముండేది అందులో? ఎవరి పెళ్ళి, ఎవరి నిశ్చితార్థం, ఎవరు పోయారు, పరామర్శకు వచ్చేవాళ్ళు ఎక్కడ కూర్చోవాలి, గ్యాసు బండి ఎప్పుడొస్తుంది, ఎవరి గాడిద తప్పిపోయింది. పెద్ద పరీక్షల ఫలితాలు వచ్చినరోజు ప్యాసైన పిల్లల పేర్లు ఒక్కొక్కటే చదివేది. ఒక్కో పేరు దగ్గర సందులో ఒక్కో ఇంటి నుంచి ఆడవాళ్ళ కేకలు లేచేవి. తప్పినవాళ్ళ పేర్లు ఎవరూ చదవరు కదా. వాళ్ళ తల్లులకు మాత్రం చానెల్ కట్టేశాక ఆవిడే ఫోను చేసి, మళ్ళీ ఏడు చూద్దాంలే అని చెప్పేది. ఈ సంగతి నాకు చాలా కాలం తెలియదు. తెలిశాక, జల్లెడ విషయంలో కొన్నాళ్ళు ఆవిడతో పోట్లాడలేదు.

ఇక సైన్యం కర్ఫ్యూలు పెట్టిన కాలం. రోజుల తరబడి గుమ్మం దాటడానికి లేదు. బడి లేదు. అప్పుడు లెక్కల మాస్టారు పక్క మేడ మీంచి మా మేడ మీదికి దూకి వచ్చి, మా వదిన వెల్వెట్ తెరకు నల్లబల్ల ఆనించి, ఊరి పిల్లలందరికీ పాఠం చెప్పాడు. మా ఆయన వంగుని, పాకుతూ పోయి, ఆంటెన్నా సరిచేసి వచ్చేవాడు. ఆ ఏడు మా ఊరి పిల్లలు పరీక్షల్లో ఎవరికీ తీసిపోలేదు. ఇది నేను గొప్పకు చెబుతున్నాను. గొప్పే మరి.

కర్ఫ్యూలు సడలిన తర్వాతి సంవత్సరం ఊళ్ళో మేడ మేడకూ డిష్ లేచింది. వాటిని అమ్మేది అబూ ఘాలెబ్. మార్కెట్ వీధిలో పెద్ద దుకాణం ఆయనది. మనిషి చెడ్డవాడు కాదు, మాట మాత్రం బజారంత. ఆయన కన్ను మా చానెల్ మీద పడింది. డిష్ కొనలేని ఇళ్ళు ఊళ్ళో ఇంకా చాలా ఉన్నాయి. మా చానెల్ చేతికొస్తే, పైనుంచి వచ్చే సినిమాలు పట్టి అందులో పొద్దస్తమానం తిప్పి, మధ్యలో తన దుకాణం ప్రకటనలు వేసుకోవాలని ఆయన ఆలోచన. దానికి మా వదిన అక్కర్లేదు.

మా ఆయనకు నడుం నొప్పి. వానాకాలంలో మేడ ఎక్కలేకపోతున్నాడు. యంత్రంలో ఒక భాగం కాలితే ఇంకొకటి దొరకడం లేదు. తన సగం అమ్మేస్తానని ఆయన మెత్తబడ్డాడు. సగం చేతిలో పడితే మిగతా సగం నోరు తానే మూయించగలనని అబూ ఘాలెబ్‌కు తెలుసు, మాకూ తెలుసు. మా వదినకైతే అందరికంటే బాగా తెలుసు. ఆ గదిలోంచి ఆవిడ గొంతు పోతే ఆవిడకు ఇంకేమీ మిగలదు.

అయినా బతిమాలలేదు. "నీ సగం నీ ఇష్టం రా" అంది తమ్ముడితో, ఉల్లిపాయలు తరుగుతూ. ఆవిడ కళ్ళు ఉల్లిపాయలవల్ల చెమర్చాయని మా ఆయన అనుకున్నాడు. మగవాళ్ళ బుర్ర అంతవరకే.

అబూ ఘాలెబ్ ధర తగ్గించడానికి కాఫీ దుకాణంలో కూర్చుని పదిమందికీ వినపడేలా అనేవాడు: "ఎవడు చూస్తున్నాడయ్యా ఆ చానెల్? మా ఇంట్లో పొరపాటున ఆ బటన్ నొక్కితే పిల్లి కూడా లేచి పోతుంది." ఈ మాట మా ఆయన చెవిన పడి, ఆయన నిజమేనేమో అనుకోవడం మొదలుపెట్టాడు. రంజాన్ పండుగ వెళ్ళాక మాట్లాడుకుందామని ఇద్దరూ అనుకున్నారు.

ఇంతలో ఉపవాసాల నెల రంజాన్ వచ్చింది.

రంజాన్‌లో మా చానెల్‌కు ఒక పద్ధతి ఉంది. పొద్దు గుంకడానికి కాస్త ముందు మా వదిన ఒక టేపు పెడుతుంది. అందులో ముందు ఖురాన్ పఠనం, దాని వెనకే మగ్రిబ్ అజాన్, పొద్దు గుంకింది ఇక తినొచ్చు అనే పిలుపు. టేపు మొదటి నుంచి ఎప్పుడు నడిపితే అజాన్ సరిగ్గా వేళకు పడుతుందో ఆవిడకు కొట్టిన పిండి. ఊరంతా చేతిలో ఖర్జూరం పట్టుకుని ఆ టేపు వినేది. మసీదు పాత పేటలో ఉంది, మైకు పాతది. గాలి అటు తిరిగితే వినపడదు.

ఆ రోజు పొద్దుటి నుంచీ ముసురు. ఆకాశంలో సూర్యుడు ఉన్నాడో లేడో దేవుడికే ఎరుక. మసూర్ పప్పు సూపు బల్ల మీద పెట్టాను, చింతపండు షర్బత్ పోశాను. టీవీలో పఠనం అయింది, అజాన్ మొదలైంది. బిస్మిల్లా అని ఖర్జూరాలు నోట్లో వేసుకున్నాం. మా పెద్దవాడు వజ్దీ అప్పుడే రెండో గిన్నె సూపు పోయించుకుంటున్నాడు. గాలి మళ్ళి, మసీదు నుంచి ముసలి మౌజన్ షేక్ షహాదె గొంతు వినపడింది. అల్లాహు అక్బర్ అంటూ అప్పుడే మొదలుపెడుతున్నాడు.

మా ఆయన చెంచా గాలిలోనే ఆగిపోయింది. "ఇదేంటి, షేక్ ఇవాళ ఆలస్యం చేశాడా?"

"షేక్ షహాదె ఎప్పుడైనా ఆలస్యం చేశాడా?" అన్నాను.

"మరి మనం తిన్నది ఎవరి అజాన్‌కి?"

ఆయన నడుం నొప్పి సంగతి మర్చిపోయి మెట్లెక్కాడు. వెనకే నేను. మా వదిన యంత్రం ముందు నిలబడి ఉంది. మొహంలో చుక్క నెత్తురు లేదు.

"టేపు మొదటికి తిరగలేదు రా బహ్‌జత్" అంది. "నిన్న తిప్పుతుంటే మధ్యలో కరెంటు పోయింది. వచ్చాక తిరిగిపోయిందే అనుకున్నాను. చూసుకోలేదు. నాలుగు నిమిషాల ముందే వచ్చేసింది అజాన్."

"మొదలవగానే ఆపేయకపోయావా అక్కా?"

"చెయ్యి చాపాను. అజాన్ నోరు మధ్యలో నొక్కడానికి చెయ్యి రాలేదు. అప్పటికే అందరి నోట్లో పడిపోయి ఉంటుంది కూడా."

అప్పుడే ఫోను మోగడం మొదలుపెట్టింది. వేళకు ముందు తింటే ఆ రోజు ఉపవాసం, అదే రోజా, పోయినట్టే, ఇంకో రోజు ఉండి తీర్చుకోవాలి. పిల్లలకు పాలిచ్చే తల్లులు, ముసలివాళ్ళు, ఒంట్లో బాగాలేకపోయినా పట్టుదలగా ఉన్నవాళ్ళు. అందరి రోజా ఒక్క టేపుతో పోయింది. మా ఆయనకు చెమటలు పట్టాయి.

"కరెంటు మీద నెట్టేద్దాం అక్కా. యంత్రం చెడిందని చెబుదాం. ఎవరికి తెలుస్తుంది?"

"యంత్రానికి ఏం తెలుసురా? చూసుకోవాల్సింది నేను" అని ఆవిడ స్కార్ఫు సరిచేసుకుని తెర ముందు కూర్చుంది. కెమెరా తిప్పమని నాకు చెయ్యి ఊపింది.

"నేను ఇన్సాఫ్‌ని" అంది. ఎప్పుడూ అలాగే మొదలుపెట్టేది. "ఇవాళ మీరు విన్న అజాన్ పొద్దు గుంకకముందే వేశాను. టేపు చూసుకోలేదు. తప్పు కరెంటుది కాదు, యంత్రానిది కాదు, మా తమ్ముడిది కాదు. నాది. మీ రోజా నా మెడ మీదుంది. పండుగ వెళ్ళాక వచ్చే గురువారం నేను రోజా ఉంటాను. నా మాట నమ్మి తిన్నవాళ్ళు ఆ రోజు నాతోపాటు ఉండండి. ఎవరికి వాళ్ళు ఒక్కళ్ళే తీర్చుకోవద్దు. ఆ సాయంత్రం అజాన్ కూడా ఈ చానెల్‌లోనే వేస్తాను. నమ్మాలనిపిస్తే పెట్టుకోండి."

కెమెరా కట్టేశాక అడిగాను. "వదినా, నువ్వు టేపు దగ్గరే ఉన్నావుగా. నీ నోట్లో ఏమీ పడలేదు. నీ రోజా పోలేదు. నువ్వెందుకు మళ్ళీ ఉండడం?"

"పెట్టినదాన్ని నేను కదే" అంది. పోయి సూపు వేడి చేసి తెచ్చాను.

ఫోన్లు మా ఆయనే తీశాడు. మొదట్లో తిట్లకు తల వంచుకుని, అవునండీ, క్షమించండి అంటున్నాడు. కాసేపటికి ఆయన గొంతు మారింది.

"ఎక్కడి నుంచండీ మాట్లాడేది? రాళ్ళ గని దగ్గరి నుంచా? అక్కడికి కూడా వస్తోందా? బొమ్మ స్పష్టంగా ఉందా?"

"స్పష్టంగా ఉండబట్టే కదయ్యా తిని చచ్చింది!" అని అవతలి మనిషి అరిచిన అరుపు నాకు వినపడింది.

ఆలివ్ గానుగ నుంచి ఒకరు, వాగు అవతలి కోళ్ళ షెడ్డు నుంచి ఒకరు, కొండ నెత్తిన మేకలు కాసే కుటుంబం ఒకటి. ఎంత దూరం వాళ్ళు తిడితే మా ఆయన మొహం అంత వెలిగేది. సిగ్గులేని మనిషి. కానీ పడుకోబోయే ముందు మళ్ళీ దిగాలుపడ్డాడు. "ఇన్నాళ్ళూ చూశారు సరే. ఇంక ఎవరు చూస్తారు రుదైనా?" అన్నాడు.

మర్నాడు ఐన్ తీనా వాళ్ళకు పండుగ ముందే వచ్చింది. కొండ అడ్డమొచ్చి వాళ్ళకు మా చానెల్ రాదు కాబట్టి వాళ్ళ రోజా భద్రం. మార్కెట్‌లో కూరగాయలమ్మే ఆ ఊరావిడ నన్ను వజ్దీ అమ్మ అనే పేరుతో పిలిచి, "ఏం ఉమ్ వజ్దీ, మీ టీవీ మీ రోజా మింగేసిందట?" అంది.

"మింగింది. మాకు టీవీ ఉంది కాబట్టి మింగింది. మీకేముంది, కొండ" అని వంకాయలు తీసుకోకుండానే వచ్చేశాను.

అబూ ఘాలెబ్ ఊరుకుంటాడా? ఊరి రోజా చెడగొట్టిన చానెల్, ఇంక ఊరికే ఇచ్చినా పుచ్చుకునేవాడు ఉండడని కాఫీ దుకాణంలో మొదలుపెట్టాడు. తానైతే జాలిపడి పుచ్చుకుంటాడట. ఆ మాట విన్న మా ఆయన భోజనం దగ్గర తల ఎత్తలేదు. అబూ ఘాలెబ్‌ను గురువారం రమ్మని కబురు చేశాడు.

"ఆ గురువారమే దొరికిందా నీకు?" అన్నాను.

"ఒక్కరోజులో అన్నీ అయిపోతాయిగా" అన్నాడు నీరసంగా.

పండుగ వెళ్ళింది. గురువారం వచ్చింది. ఇంటిల్లిపాదీ రోజా ఉన్నాం. మేడ మీద మా వదిన టేపు జోలికి పోలేదు. కెమెరాను కిటికీలో పెట్టి, మసీదు గోపురం కనపడేలా తిప్పి, షేక్ షహాదె మైకు నుంచి మా మేడ దాకా పొడుగాటి కేబుల్ లాగించే పనిలో ఉంది. కింద ఎవరొస్తున్నారో తెలుసు. ఒక్కమాట అడగలేదు.

మధ్యాహ్నం నమాజు తర్వాత అబూ ఘాలెబ్ వచ్చాడు. తలుపు తీశాను. సలాం చెప్పి లోపలికి వెళ్ళాడు. ఏదో తేడాగా అనిపించింది. మళ్ళీ చూశాను. ఆయన వేళ్ళ మధ్య సిగరెట్టు లేదు. ఆయన వేళ్ళ మధ్య సిగరెట్టు లేకుండా నేను చూసింది రంజాన్ పగళ్ళలోనే. నేను తిన్నగా వంటింట్లోకి పోయి కాఫీ పెట్టాను. యాలకులు రెండు ఎక్కువే దంచి వేశాను.

మా వైపు ఒక మర్యాద ఉంది. పెద్ద పని మీద ఇంటికొచ్చిన మనిషి ముందు కాఫీ పెడితే, అడిగింది ఇస్తామని ఇంటి యజమాని అనేదాకా కప్పు ముట్టుకోడు. ఇస్తామన్నాక తాగాలి. తాగితే మాట ఖాయమైనట్టు. అప్పుడు కూడా తాగకపోతే, ఇచ్చిన మాటను తన్నేసి పోయినట్టు.

పళ్ళెంలో ఒక్కటే కప్పు పెట్టి తెచ్చాను. మా ఆయన నావైపు ఆశ్చర్యంగా చూశాడు. "మనకి రోజా గానీ, అతిథికి కాదుగా" అన్నాను.

అబూ ఘాలెబ్ కప్పు వైపు చూడకుండా తన మాట చెప్పుకొచ్చాడు. కాలం మారింది, డిష్‌ల కాలం, నడుం నొప్పి మనిషివి నువ్వు, మీ అక్కగారికి నెలనెలా ఏదో ఒకటి నేను చూస్తాను, ఇలా. మా ఆయన అంతా విన్నాడు. చాలాసేపు తివాచీ మీది పువ్వును చూశాడు. చివరికి నిట్టూర్చాడు.

"కాఫీ తాగండి అబూ ఘాలెబ్. మీరడిగింది అయినట్టే" అన్నాడు.

పైన మా వదిన కేబుల్ ఈడుస్తున్న చప్పుడు వినపడుతోంది.

అబూ ఘాలెబ్ చెయ్యి కప్పు దాకా వెళ్ళింది. ఆగింది. కప్పును కాస్త పక్కకు జరిపాడు.

"కాఫీదేముంది, తర్వాత తాగొచ్చు. మాట మాటే కదా" అన్నాడు.

మా ఆయన మొహం మాడిపోయింది. "నేను మాట ఇచ్చాక కూడా కప్పు ముట్టుకోరా? మా ఇంటి కాఫీ చేదా మీకు?"

"అయ్యో, అది కాదు. పొద్దున్నే కడుపులో ఏదో తిప్పింది."

"కడుపులో తిప్పితే యాలకుల కాఫీ మంచిదండీ" అన్నాను గుమ్మంలోంచి. "అబ్బే, ఇంకో సంగతా? మీ ఇంట్లో ఎవరూ మా చానెల్ చూడరు కదా. పిల్లి కూడా లేచి పోతుందట కదా. మరి మీకివాళ రోజా ఎందుకుంటుంది?"

"రంజాన్ తర్వాత పుణ్యానికి ఇంకో ఆరు రోజాలు ఉండేవాళ్ళు ఉంటారు ఉమ్ వజ్దీ" అన్నాడు, గొంతు పెంచి.

"ఉంటారు. మరి నిన్న పొద్దున మార్కెట్‌లో కుర్చీ వేసుకుని సిగరెట్ మీద సిగరెట్ కాల్చింది మీ అన్నదమ్ములా?"

అబూ ఘాలెబ్ కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు. ఒక్క గుక్క తాగితే చానెల్ ఆయనది. నేను ఆ మనిషిని ఎన్నో అన్నాను, ఇప్పుడు ఒకటి చెప్పాలి: తాగలేదు. దేవుడికి బాకీ ఉన్న రోజును వ్యాపారానికి అమ్ముకోలేదు. పళ్ళెం నా వైపు తోసి, ఒక్కసారిగా నవ్వేశాడు.

"ఏం చెయ్యను బహ్‌జత్? మా ఇంటి పైకప్పు మీద మూడు డిష్‌లున్నాయి. సాయంత్రం అయ్యేసరికి మా ఆవిడ ఆ పెట్టెలన్నీ కట్టేసి ఇన్సాఫ్‌నే పెడుతుంది. ఇన్సాఫ్ చెప్పకుండా ఖర్జూరం ముట్టనివ్వదు. ఆ రోజు అందరితోపాటు నేనూ తిన్నాను. రెండు గిన్నెల సూపు తాగాను."

మా ఆయన మెల్లగా నిటారుగా కూర్చున్నాడు. ఆ నడుం అంత నిటారుగా నేను చూసి ఎన్నేళ్ళయిందో.

"కప్పు తాగనివాడికి కోరిక తీరదు అబూ ఘాలెబ్" అన్నాడు. "ఈ మర్యాద మన తాతలు పెట్టింది, నేను పెట్టింది కాదు. సాయంత్రం మాత్రం తప్పకుండా చూడండి."

"చూడకపోతే మా ఆవిడ అన్నం పెడుతుందా?" అని ఆయన చెప్పులు తొడుక్కున్నాడు.

నేను మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. ఈ లావు ఒంటితో ఎలా ఎక్కానో. "వదినా! అమ్మలేదు! ఇంక అమ్మడు!" అన్నాను. జరిగిందంతా ఒక్క ఊపిరిలో చెప్పాను. ఆవిడ కిటికీ దగ్గరే నిలబడి వింది. తర్వాత కేబుల్ కొస నా చేతిలో పెట్టి, "ఇది గట్టిగా పట్టుకో, జారిపోతోంది" అంది. నేను పట్టుకున్నాను. ఇద్దరం కాసేపు అలాగే ఏడ్చాం.

సాయంత్రం మా ఆయన యంత్రం దగ్గర కూర్చున్నాడు. తెర మీద గోపురం, వెనక ఎర్రబడ్డ ఆకాశం. ఆ రోజు మబ్బు లేదు. సూర్యుడు దిగిపోవడం కొండ మీద అందరికీ కనపడింది. షేక్ షహాదె మైకు దగ్గర గొంతు సవరించుకోవడం కూడా ఊరంతా విన్నది. అజాన్ మొదలైంది, పూర్తయింది. నేను ఖర్జూరాల పళ్ళెం, సూపు గిన్నె పట్టుకుని పైకి వచ్చాను.

సందు నిశ్శబ్దంగా ఉంది. మామూలుగా అజాన్ అయిందంటే తెరిచిన కిటికీల్లోంచి గిన్నెల చప్పుడు, పిల్లల గోల వినపడాలి. ఏమీ లేదు. కింద మా పిల్లలు కూడా అరవడం లేదు. మెట్ల మీంచి వజ్దీని పిలిచాను.

"తిన్నారా?"

"లేదమ్మా. అత్త ఇంకా చెప్పలేదుగా."

ఫోను మోగింది. మా ఆయన తీశాడు. గానుగ దగ్గరి వాళ్ళు. తినొచ్చా అని అడుగుతున్నారు. పెట్టేశాడో లేదో ఇంకొకటి, పై వీధి నుంచి. ఇంకొకటి, అబూ ఘాలెబ్ భార్య. ఎదురుగా గోపురం కనపడుతోంది, సూర్యుడు పోయాడు, మసీదు చెప్పింది. అయినా ఊరు నోరు కట్టుకుని కూర్చుంది. మా ఆయన ఫోను చేత్తో మూసి, "అక్కా, ఎవరూ తినట్లేదు. నీకోసం చూస్తున్నారు" అన్నాడు.

మా వదిన కెమెరాను కిటికీలోంచి గదిలోకి తిప్పమని ఆయనకు చెయ్యి ఊపింది. తర్వాత తెర ముందుకు వచ్చి కూర్చుంది. ఆ కెమెరా ముందు ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్క ముద్ద తినలేదు, మంచినీళ్ళు కూడా తాగలేదు. నా చేతిలో పళ్ళెంలోంచి ఒక ఖర్జూరం తీసుకుంది.

"నేను ఇన్సాఫ్‌ని" అంది. బిస్మిల్లా అని ఖర్జూరం నోట్లో పెట్టుకుంది.

అప్పుడు వినపడింది. ఎదురింట్లో ఒక చెంచా గిన్నెకు తగిలింది. తర్వాత పక్కింట్లో, దాని పక్కింట్లో. చూస్తుండగానే సందంతా, పై వీధంతా, కొండ దాకా ఊరంతా తినడం మొదలుపెట్టింది. మా ఆయన కిటికీ దగ్గరికి పోయి, కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయి, ఆ చప్పుడు వింటూ నిలబడ్డాడు.

"ఇందులో సగం నాది రుదైనా" అన్నాడు.

"నీదే, ఎవరు కాదన్నారు? ముందు ఆ సూపు తాగు, చల్లారిపోతోంది" అన్నాను.